వద్దనడానికొక కారణం

ఆ బ్యూటీ పార్లర్‌లో అమ్మాయిలకి పేర్లు లేవు, కుర్చీలే ఉన్నాయి. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు ఎవరికి వాళ్లకి ఉన్నాయి గానీ, వచ్చేవాళ్లు "రెండో కుర్చీ ఖాళీయేనా", "నాకు మూడో కుర్చీయే కావాలి" అని అడిగి అడిగి, చివరికి యజమానురాలైన మేడం కూడా అలాగే పిలవసాగింది. అలా మూడో కుర్చీ అనిపించుకున్న మనిషి కాన్పుకి వెళ్లి, పిల్లకి మెడ నిలిచి బోర్లా పడడం వచ్చాక, ఆ సోమవారం తిరిగి పనిలోకి వచ్చింది.

రాగానే చేతులు కడుక్కుని ఏప్రన్ కట్టుకుంది. నాడాలు వెనకటిలా వీపు మీద కలుసుకోలేదు, కాస్త లాగి ముడేయాల్సి వచ్చింది. కుర్చీ మీద కప్పి ఉన్న తువ్వాలు తీసి మడత పెట్టింది. కాలితో నొక్కితే కుర్చీ పైకి లేస్తోందో లేదో చూసింది. కనుబొమ్మలు దిద్దే దారం కొస పళ్ల మధ్య పట్టి, రెండు చేతుల్లో మెలిపెట్టి, గాలిలోనే నాలుగుసార్లు ఆడించింది. వేళ్లు పని మర్చిపోలేదు. ఇన్నాళ్లూ పాలు, గుడ్డలు, అరకొర నిద్ర తప్ప వేరే లోకం లేకుండా గడిపిన మనిషికి ఆ దారం చప్పుడు వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

మేడం వచ్చింది. "వచ్చావా బాలింతా" అని నవ్వింది. పిల్ల ఎలా ఉంది, పగలు ఎవరు చూసుకుంటున్నారు, అన్నీ అడిగింది. అడుగుతూనే చూపుడు వేలూ బొటనవేలూ ఆమె గడ్డం కింద పెట్టి, మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. ఆ తిప్పడం ఆమెకి కొత్త కాదు. మొదటిసారి వచ్చినవాళ్ల మొహాన్ని మేడం అలాగే వెలుతురుకి తిప్పి, ఎక్కడెక్కడ ఏం లోపం ఉందో చెప్పి, దానికేం చేయించుకోవాలో కూడా చెబుతుంది. ఆ వేళ్లు తన గడ్డం కిందికి వస్తాయని మాత్రం ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"మంగు బాగా దిగిందే" అంది మేడం.

రెండు చెంపల మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చ. కడుపుతో ఉండగా వచ్చింది.

"కాన్పయ్యాక తగ్గుతుందన్నారు మేడం. తగ్గుతుందేమో చూద్దాం."

"చూద్దాం అంటే ఎలాగమ్మా? వచ్చేవాళ్లు ముందు చూసేది మన మొహమే. డ్రైవరే బండి దిగి నడిచి వెళుతుంటే ఆ బస్సు ఎవరెక్కుతారు?" మేడం గొంతులో కోపం లేదు. ఆవిడ ఎవరినీ కోప్పడే మనిషి కాదు, నవ్వుతూనే మనిషిని కుర్చీలోంచి లేపగలదు. "నాలుగు పీల్స్ చేస్తే పోతుంది. మన మనిషివి, ఊరికే చేయిస్తాను. అంతవరకూ వెనక గదిలో ఉండి తువ్వాళ్లూ అవీ చూసుకో. మచ్చ పోయిన రోజున నీ కుర్చీ నీదే."

మొహానికి తేలికపాటి యాసిడ్ పూసి, కొద్దిసేపాగి కడిగేస్తే తర్వాత నాలుగు రోజులకి పై పొర పొట్టులా రాలిపోతుంది. దాన్నే పీల్ అంటారు. ఆమె ఎంతమందికి పూసిందో లెక్కలేదు. ఎంత చురుక్కుమంటుందో వాళ్ల కాలివేళ్లు ముడుచుకోవడం చూసి చెప్పగలదు. కానీ తను చేయించుకోవడం అనేసరికి ఒంట్లో ఏదో ఎదురు తిరిగింది. ఎందుకో తనకే తెలియలేదు. కారణం వెతుక్కుంటుంటే నోటికి అందిన మాట ఒకటే.

"పిల్లకి పాలిస్తున్నాను మేడం."

ఆ మాటకి మేడం వేళ్లు గడ్డాన్ని వదిలేశాయి. "అవును కదూ" అని ఆవిడ ఆలోచనలో పడింది. "చంటిదాని విషయం. మళ్లీ ఏదైనా అయితే మన మీదికొస్తుంది. పిల్లల డాక్టర్ని అడిగి రా. ఆవిడ వద్దంటే నేను బలవంతం చేయను."

ఆమె మడత పెట్టిన తువ్వాలే మళ్లీ విప్పి కుర్చీ మీద కప్పి, తెర తోసుకుని వెనక గదిలోకి వెళ్లింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటారు. మచ్చ వచ్చిందని అద్దం ముందు నిలబడడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు కుర్చీ ముందు నిలబడడం కూడా మానేయాల్సి వచ్చింది.

*

"యాసిడా?" అంది అత్తగారు. పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతున్నదల్లా ఆగిపోయింది. "బాత్రూములు కడిగేదా?"

"అది కాదు అత్తయ్యా. మొహానికి వేరే ఉంటుంది."

"ఏదైతేనేం, యాసిడ్ యాసిడే. మొహాన పోసుకుని, ఆ మొహంతో పిల్లని దగ్గరికి తీసుకుంటావా? ఆ ఒంట్లోంచి వచ్చే పాలేగా ఇది తాగాలి? మీ మేడానికి పిల్లలు లేరా?"

"ఇద్దరు."

"మరి ఏం లాభం" అని అత్తగారు మళ్లీ కాళ్లు ఊపడం మొదలుపెట్టింది.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో వచ్చి, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటేగానీ పిల్లని ముట్టుకోడు. కడుక్కుని వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. "ఒకచోట వాడొచ్చంటారు, ఇంకోచోట వాడకూడదంటారు. ఇక్కడేమో డాక్టర్ని సంప్రదించండి అని చేతులు దులిపేసుకున్నారు" అన్నాడు. కాసేపు ఇంకా కిందికి జరిపి చూశాడు. "అయినా నాలుగుసార్లే కదా. నీ కుర్చీ నీకొస్తుందంటే చేయించుకుంటే పోలా?"

"నీ పిల్ల కడుపులోకి వెళ్తుందేమోరా" అంది అత్తగారు.

"అందుకేగా డాక్టర్ని అడగమన్నారు. అడుగుదాం."

అని, మాట మార్చడానికన్నట్టు, పొద్దున పనిలోకి బయల్దేరేముందు తీసిన ఫోటో చూపించాడు. ఆమె భుజం మీద పిల్ల, పిల్ల నోట్లో వేలు. బాగుంది. అయితే ఫోటోలో ఆమె చెంపలు తేటగా ఉన్నాయి, కడిగిన పళ్లెంలాగ. ఫోన్‌లో ఏదో నొక్కితే మచ్చలన్నీ పోతాయి, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

"ఎందుకు అలా మార్చారు?"

"మార్చలేదే. కాస్త బ్రైట్ చేశాను. బాగుంటుందని." నిజంగానే బాగుంటుందని చేశాడు. అతనిలో వంకర లేదు, అందుకే ఆమెకి తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. బంధువులందరికీ ఆ ఫోటోయే పంపాడట. ఫోటోలోని ఆ తల్లిని ఆమె కాసేపు చూసింది. పిల్ల మాత్రం తనదే.

పాలిస్తూ గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు ఆమెకి ఒక విషయం తోచి సిగ్గేసింది. మేడం డాక్టర్ని అడగమన్నప్పటి నుంచి తను లోపల్లోపల కోరుకుంటున్నది డాక్టరు వద్దనాలనే. పాలకి మంచిది కాదు, పిల్లకి ముప్పు అని గట్టిగా చెప్పాలని. ఏ తల్లయినా ప్రమాదం లేదనే మాట వినాలనుకుంటుంది గానీ, ఉందనే మాట కోసం ఎదురు చూస్తుందా? కానీ ఆ ఒక్క మాట ఉంటే ఇంకెవరూ ఏమీ అనరు. పిల్లకోసం వద్దంటే లోకమంతా తలూపుతుంది. పిల్ల పాలు తాగినన్నాళ్లూ తలుపుకి లోపలి గొళ్లెం ఉన్నట్టే.

*

వెనక గదిలో ఒక వాషింగ్ మెషీన్, ఒక సింకు, గోడకి అలమర. తువ్వాళ్లు మూడు రకాలు. తలకి చుట్టేవి, మెడకింద వేసేవి, కాళ్లకి వాడేవి. వాటిని కలిపేస్తే మేడం ఊరుకోదు. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, అంచులు ఒకే వైపు వచ్చేలా పేర్చాలి. దూది ఉండలు చేసి డబ్బాలో వేయాలి. పీల్ పని ఉంటే గిన్నె, బ్రష్, చల్లటి నీళ్లు, చేతి ఫ్యాను పళ్లెంలో సర్ది ముందుకి పంపాలి. పని కష్టమైనదేమీ కాదు. చేతులు మాత్రం ఊరికే ఉన్నట్టు ఉండేది.

రెండో కుర్చీ మధ్యమధ్య తెర తోసుకుని వచ్చేది. ఆమెకన్నా పెద్దది, ఇద్దరికీ అక్కాచెల్లెళ్లంత చనువు. "ఇందులో పడి ఏడవకు" అంది మంగళవారం. "నేనే పూస్తానుగా. నా చేయి తేలిక, నీకు తెలుసు. గ్లైకాలిక్ యాసిడే పెడతాను, అది కూడా పలచగా. టక్కున అయిపోతుంది."

"నీకు పూశారా అక్కా ఎప్పుడైనా?"

"నాకా? చేరిన కొత్తలో మొటిమలుండేవి. మేడమే పూసింది." రెండో కుర్చీ ఒక తువ్వాలు అంచు సరిచేసింది. "అడగలేదులే. కూర్చోమంది, కూర్చున్నాను."

మెషీన్ గిర్రున తిరిగి ఆగింది.

బుధవారం మధ్యాహ్నం ముందు గదిలోంచి తెలిసిన గొంతు వినపడింది. దగ్గర్లోని స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఆవిడ కనుబొమ్మల్లో ఒకదాని మీద పాత కుట్లగాటు ఉంది, అక్కడ వెంట్రుకలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. ఆ ఒక్కచోట దారం ఎటు లాగాలో మూడో కుర్చీకి తప్ప ఎవరికీ సరిగా తెలియదని ఆవిడ నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే.

"మూడో కుర్చీ ఇంకా రాలేదా? ఈ నెలలో వస్తుందన్నారే."

ఆమె చేతిలోని తువ్వాలు వదిలేసి తెర దగ్గరికి నడిచింది.

"లేదండీ, ఇంకా సెలవులోనే ఉంది" అంది మేడం. "చంటిపిల్ల కదా పాపం. రెండో కుర్చీ చేస్తుంది, కూర్చోండి."

"ఎన్ని నెలలుగానో వేరేవాళ్లతో చేయించుకుని చూశాను, ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి. పిల్లలు నన్ను చూస్తే భయపడాలి గానీ నవ్వకూడదు." హెడ్మిస్ట్రెస్ నవ్వుతూనే అంది. "శనివారం వస్తాను. అప్పటికైనా వస్తుందేమో కనుక్కోండి."

తెర పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. చేతికందే దూరంలో నిలబడి ఉండగా తనని లేదన్నారు. వెనక గదిలో ఉండమన్నప్పుడు బాధేసింది, కానీ ఇంత కాదు. మచ్చ ఉంది కాబట్టి ముందుకి రావద్దనడం ఒకటి. మనిషే లేదనడం వేరు. ఆమె వెళ్లి సింకులో మొహం కడుక్కుంది. కడిగితే పోయే మచ్చ కాదని తెలిసీ చెంపలు గట్టిగానే రుద్దింది. డాక్టరు సరేనంటే రేపే చేయించుకుని ఈ గదిలోంచి బయటపడాలని, ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

అవమానం ఎంత గట్టిది. మనకి వద్దనుకున్నదాన్ని కూడా కావాలనిపించేలా చేస్తుంది.

*

గురువారం పిల్లకి టీకా ఉంది. అత్తగారు కూడా వచ్చింది, కోడలి మీద నమ్మకం లేక కాదు, డాక్టరు వద్దనేటప్పుడు తన చెవులతో వినాలని.

డాక్టరు పిల్లని తూచి, నాలిక చూసి, తొడ మీద సూది వేసింది. పిల్ల మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత ఏడ్చింది. ఏడుపు సన్నబడ్డాక ఆమె అడగాల్సింది అడిగింది. ఏం పూస్తారో, ఎంతసేపు ఉంచుతారో, అంతా పని తెలిసినదానిలాగే చెప్పింది. డాక్టరు మధ్యలో ఆపకుండా విని తలూపింది.

"మొహానికి తేలికపాటి గ్లైకాలిక్ గానీ, లాక్టిక్ గానీ అయితే పర్వాలేదమ్మా. ఒంట్లోకి దిగేది చాలా తక్కువ. పాలలోకి వచ్చేది పిల్లకి ఏమీ చేయనంత."

అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుంది. "యాసిడ్ అంటోంది కదండీ మరి?"

"పేరుకి యాసిడే. లాక్టిక్ అనేది మీ ఇంట్లో పెరుగులో కూడా ఉంటుంది."

"పెరుగా" అంది అత్తగారు. ఇన్ని రోజులుగా పెంచుకున్న భయమంతా పెరుగులో కలిసిపోవడం ఆవిడకి నచ్చినట్టు లేదు.

"అలాగని ఏదైనా పూసుకోవచ్చని కాదు" అంది డాక్టరు ఆమె వైపు తిరిగి. "సాలిసిలిక్ అయితే మొటిమ మీద కాస్త రాసుకుంటే ఫర్వాలేదు గానీ, గాఢమైంది ఎక్కువ మేర పూయించుకోవద్దు. మచ్చలు తెల్లబరిచే క్రీములు, రెటినాల్ లాంటివి పాలు మానేదాకా ఆగు. రొమ్ము మీద, ఆ చుట్టుపక్కలా ఏదీ రాయొద్దు, పిల్ల నోట్లోకి పోతుంది. పూసిన మొహం బాగా కడిగేదాకా పిల్ల బుగ్గ ఆనించుకోవద్దు. నువ్వు వేరేవాళ్లకి పూసినా అంతే, చేతులు కడుక్కున్నాకే పిల్లని ఎత్తుకో. అర్థమైందా?"

"అయింది."

"అయితే ఒకటి. ఎండలో తిరిగితే మంగు మళ్లీ వస్తుంది. ఊరికే వదిలేసినా కొందరికి కొన్ని నెలల్లో పలచబడుతుంది, కొందరికి పడదు. దానివల్ల ఒంటికి వచ్చే నష్టమేమీ లేదు. చేయించుకోవాలో వద్దో నీ ఇష్టం."

నీ ఇష్టం. ఆమె పిల్లని భుజాన వేసుకుని బయటికి వచ్చింది. గుండెలోంచి బరువు దిగాల్సింది, దిగింది కూడా. తన పాలకి ఏ ముప్పూ లేదు. ఆ సంతోషం నిజం. దాని వెనకే ఇంకొకటి వచ్చి కూర్చుంది. గొళ్లెం ఊడిపోయింది.

బస్టాపులో నీడ లేదు. బెంచీ మీద కూర్చుని అత్తగారు కొంగు పిల్ల తలమీద కప్పింది. "ఇంకేం మరి. భయం లేదన్నదిగా. చేయించుకో. ఆ వెనక గదిలో ఎన్నాళ్లని గుడ్డలుతుకుతావు?"

ఆమె జవాబు చెబుదామని తల తిప్పింది. ఎండ నేరుగా అత్తగారి మొహం మీద పడుతోంది. చెంపల మీద, కంటికింద నుంచి దవడ దాకా, పాతబడి చర్మంలో కలిసిపోయిన గోధుమరంగు మచ్చ. పై పెదవి మీద కూడా. అచ్చం మంగే.

పెళ్లయినప్పటి నుంచి ఆ మొహాన్ని రోజూ చూస్తోంది. అన్నం పెడుతుంటే చూసింది, జ్వరంలో తడిగుడ్డ వేస్తూ చూసింది, తగువు పడి మూతి ముడుచుకుంటే చూసింది. దారిన పోయే ఆడమనిషిని చూసినా ఈవిడకి ఫలానా చేస్తే బాగుంటుందని ముందు ఆ లెక్కే తట్టే మనిషి తను. ఈ మొహంలో ఆ మచ్చ ఇంతవరకూ కనపడలేదంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

"అత్తయ్యా, మీకూ మంగు ఉంది."

"ఉంటే ఉంది. మీ ఆయన కడుపులో పడ్డప్పుడు వచ్చింది."

"పోలేదా?"

"మా అత్త ఏవేవో నూరి రాసింది. కొన్నాళ్లు మండింది, కొన్నాళ్లు దురద పెట్టింది. వీడేమో ఒక్క క్షణం కింద పెడితే గుక్కపెట్టే రకం. వీడి గోలలో పడి నేను రాయడం మర్చిపోయాను, అది పోవడం మర్చిపోయింది." అత్తగారు కొంగు సరిచేసింది. "నువ్వు ఇప్పుడు చూశావా?"

"ఇప్పుడే చూశాను."

"మీ మామగారు పోయేదాకా చూడనేలేదు" అంది అత్తగారు. మెచ్చుకోలుగా అందో, నిష్ఠూరంగా అందో తెలియలేదు. బస్సు వచ్చింది.

*

శుక్రవారం మేడం ఊళ్లో లేదు. రెండో కుర్చీకి మాత్రం ఆమె జరిగిందంతా చెప్పింది. చెప్పి, "నాకు వద్దక్కా" అంది.

"వద్దా? అయితే డాక్టరు వద్దన్నదని చెప్పెయ్. మేడం వెళ్లి అడుగుతుందా ఏమన్నా?" రెండో కుర్చీ గొంతు తగ్గించింది. "పాలు అనే మాట ముందు ఎవరూ నిలబడరు. నేనూ సాక్ష్యం చెబుతాను కావాలంటే."

ఆ మాట ఆమె రోజంతా నమిలింది. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదు. కానీ ఈ పార్లర్‌కి వచ్చే బాలింతలు తక్కువా? ఈ అబద్ధం తెర దాటి ముందుకొస్తే, మొటిమకి కాస్త క్రీము రాసుకున్న ప్రతి తల్లీ తన పాలలో విషముందని భయపడుతుంది. పాలిచ్చే తల్లికి పాల మీద అనుమానం కలిగించడం కన్నా పాపం ఉందా? సరే, అది పక్కన పెట్టినా, పిల్ల రేపు పాలు మానేస్తుంది. అప్పుడు ఎవరి పేరు చెప్పాలి? చిన్నప్పుడు నాన్న ఒప్పుకోడనేది. పెళ్లయ్యాక ఆయన ఊరుకోరని, అత్తయ్య ఏమంటారో అని. తనకి వద్దనుకున్నవాటన్నిటికీ ఎవరిదో ఒకరి పేరు అడ్డం పెట్టుకుంటూనే ఇంతదూరం వచ్చింది. ఇప్పుడు నోట్లో మాటలు రాని పిల్ల పేరు కూడా వాడుకుంది.

శనివారం పొద్దున మేడం వస్తూనే అడిగింది. "డాక్టరేమంది?"

రెండో కుర్చీ దువ్వెనలు సర్దుతూ తలెత్తలేదు.

"తేలికపాటిదైతే ఫర్వాలేదంది మేడం. పాలకి ఏమీ కాదట."

"నేను అనుకున్నాను. ఎందుకైనా మంచిదని అడగమన్నాను గానీ." మేడం మొహం విప్పారింది. చేతిసంచీ పక్కన పెట్టి, తనే స్వయంగా మూడో కుర్చీ మీది తువ్వాలు తీసింది. "రా, జనం రాకముందే అయిపోతుంది. రెండో కుర్చీ, గిన్నె తే."

కూర్చోమన్నారు, ఆమె కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. వెనక్కి వాలిస్తే పైకప్పు మీద నీటి మరక కనపడింది. ఇంతమందిని పడుకోబెట్టి, వాళ్లేం చూస్తూ పడుకుంటారో ఎప్పుడూ ఆలోచించలేదు. రెండో కుర్చీ జుట్టు వెనక్కి తోసి పట్టీ బిగించింది. కళ్ల కొసలకి, ముక్కు పక్కలకి, పెదవుల మూలలకి వేలికొసతో వాజెలిన్ అద్దింది. స్పిరిట్ దూదితో చెంపలు తుడిచింది. చల్లబడి, బిగుసుకున్నాయి. గిన్నెలో బ్రష్ ముంచిన చప్పుడు వినిపించింది. ముందు నుదురు, తర్వాత చెంపలు, చివర్న గడ్డం. తనకి కంఠోపాఠం.

"వద్దు" అంది ఆమె.

బ్రష్ నుదుటికి ఇంకా తగల్లేదు. రెండో కుర్చీ చెయ్యి గాలిలోనే ఆగింది.

"మండుతుందనా? కొత్తదానివా నువ్వు?" అంది మేడం.

"మండుతుందని కాదు. నాకు వద్దు మేడం."

"డాక్టరు సేఫ్ అన్నదని నువ్వే చెప్పావు."

"సేఫే."

"మరింకేమిటి? పిల్ల పాలు మానేశాక చేయించుకుంటావా? పోనీ అలాగే చెప్పు."

ఇంకో గొళ్లెం అందిస్తోంది మేడం, మంచి మనసుతోనే. అందుకుంటే మళ్లీ కొన్నాళ్లు గడిచిపోతాయి. ఆమె కుర్చీ పక్కనున్న పిడి లాగి, లేచి నిటారుగా కూర్చుంది.

"అప్పుడూ వద్దు. పిల్లకోసం కాదు, ఇంట్లోవాళ్ల కోసమూ కాదు. నాకే ఇష్టం లేదు."

మేడం ఆమెవైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఎవరో వద్దన్నారంటే ఆవిడ దగ్గర సమాధానాలున్నాయి. వాళ్లకి నచ్చజెప్పవచ్చు, వాళ్లు మనసు మార్చుకునేదాకా ఆగవచ్చు. ఇష్టం లేదన్నదానికి ఏమనాలో ఆవిడకి తట్టినట్టు లేదు. చివరికి, "సరే, నీ ఇష్టం. ఆ తువ్వాళ్ల పని ఎప్పటికీ ఉండేదే" అంది.

ఆమె వాజెలిన్ తుడుచుకుని వెనక గదిలోకి వెళ్లింది. కుర్చీ పోయిందని తెలుస్తూనే ఉంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. తువ్వాళ్లు మడత పెడుతుంటే అంచులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కొంచెం పొద్దెక్కాక ముందు గది జనంతో నిండింది. ఆ సందట్లోంచి హెడ్మిస్ట్రెస్ గొంతు. "ఇవాళైనా వచ్చిందా?"

"ఎక్కడండీ, ఇంకా..." అంది మేడం.

ఆమె చేతిలోని తువ్వాలు భుజాన వేసుకుని తెర పక్కకి జరిపింది. తెర రింగులు కర్రమీద గరగరమన్నాయి. అందరూ ఇటు తిరిగారు.

"ఉన్నానండీ. సోమవారం నుంచీ వస్తున్నాను."

"సెలవన్నారే?"

మేడం రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది. ఒక్క చిన్న మాటతో ఆవిడ పరువు కాపాడవచ్చు, ఇంతకాలం కాపాడుతూనే ఉంది.

"సెలవు కాదండీ. మొహాన మంగు వచ్చిందని వెనక గదిలో ఉన్నాను."

గదిలో డ్రయ్యర్ ఒక్కటే మోగుతోంది. ఎవరో దాన్ని కూడా ఆపేశారు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సరిచేసుకుని ఆమెని పరీక్షగా చూసింది, తప్పులు దిద్దే మనిషి చూసినట్టు. మచ్చని చూసింది. చూడనట్టు నటించలేదు.

"వచ్చింది నీ చెంపలకి కదా. నా కనుబొమ్మలకేం వచ్చింది?" అని, వెళ్లి మూడో కుర్చీలో కూర్చుంది.

మేడం కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయింది. ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు. జనం వెళ్లాక ఏం వినాల్సి వస్తుందో, రేపు ఈ కుర్చీ ఉంటుందో లేదో ఆమెకి తెలియదు. ఆ భయం అలాగే ఉంది. ఆ భయంతోనే చేతులు కడుక్కుంది, పౌడర్ అద్దింది, దారం కొస పళ్లతో పట్టి మెలిపెట్టింది. కుట్లగాటు దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి, వెంట్రుకలు మొలిచిన వాలుకి ఎదురుగా, చిన్న చిన్న పట్లతో లాగింది. హెడ్మిస్ట్రెస్ కంట్లోంచి ఒక నీటిచుక్క జారింది, అందరికీ జారుతుంది. దూదితో అద్దింది.

పని అయ్యాక అద్దం పట్టింది. పట్టుకుని చూపించేటప్పుడు తమ మొహం అందులో పడకుండా ఒక పక్కకి తప్పుకోవడం ఆ పనిలో అందరూ నేర్చుకునే మొదటి పాఠం. ఆమె తప్పుకోలేదు. ఒకే అద్దంలో ఇద్దరూ కనపడ్డారు.

హెడ్మిస్ట్రెస్ తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఎడమది ఇంకొక్క రవ్వ తీయాలేమో చూడు" అంది.

ఆమె వంగి చూసింది. నిజమే, ఒక వెంట్రుక మిగిలింది. కొత్త దారం తెంచింది.